పట్టుబడ్డ నక్షత్ర తాబేలు మళ్లీ మెట్టకు చేరాలంటే

చెన్నై విమానాశ్రయంలో సూట్‌కేసు తెరిస్తే నక్షత్ర తాబేళ్లు బయటపడ్డాయన్న వార్త తెలుగు పత్రికల్లో కొత్తది కాదు. ఎన్ని దొరికాయి, ఏ దేశానికి తీసుకెళ్తున్నారు, ఎందరిని అరెస్టు చేశారు అన్నంతవరకు అందులో ఉంటుంది. ఆ తాబేళ్లు తర్వాత ఎక్కడికి వెళ్లాయి, వాటిలో ఎన్ని బతికాయి, బతికినవి ఏ నేలకు చేరాయి అన్న వివరం మాత్రం దాదాపు ఎప్పుడూ రాదు. ఈ జాతికి సంబంధించి అసలు కష్టమైన పని మొదలయ్యేది ఆ వార్త ముగిసిన చోటే. పట్టుకున్నవాటిని దగ్గర్లోని అడవిలో వదిలేస్తే సరిపోతుందన్న ఆలోచన మంచి మనసుతో పుట్టిందే అయినా, ఆ అడవిలో ఇప్పటికే ఉన్న తాబేళ్లకు అది ముప్పు తెచ్చిపెట్టగలదు. ఎందుకో తెలియాలంటే ముందు ఈ ప్రాణి బతుకు తీరు తెలియాలి.

ఏ నేల తాబేలు ఇది

నక్షత్ర తాబేలు శాస్త్రీయ నామం జియోకెలోనె ఎలిగెన్స్. ఇది మూడు చోట్ల సహజంగా ఉంటుంది. గుజరాత్, రాజస్థాన్‌లతో పాటు వాటిని ఆనుకుని ఉన్న పాకిస్థాన్ సింధ్ ప్రాంతం ఒకటి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళలోని చిన్నార్ వంటి పొడి ప్రాంతాలు రెండోది. శ్రీలంకలో వర్షం తక్కువగా పడే భాగం మూడోది. వాయవ్య ప్రాంతపు తాబేళ్లు పెద్దవిగా, ముదురు రంగులో ఉంటాయి. దక్షిణాదివి చిన్నవి, పసుపు గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మగది సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆడది అంతకంటే పెద్దది, 25 సెంటీమీటర్లు దాటడమూ ఉంది.

డిప్ప మీద ఒక్కో పలక మధ్యలో పసుపు మచ్చ, అక్కడి నుంచి అంచులకు సాగే గీతలు ఉంటాయి. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఈ గీతలు చాలా తక్కువ, డిప్ప ఎక్కువగా పసుపే. పెరుగుతున్నకొద్దీ పలక చుట్టూ కొత్త అంచు చేరి, దాంతో పాటు కిరణాలు సాగుతాయి. ఎండిన బోద గడ్డిలో, ముళ్ల పొద కింది వెలుగునీడల్లో ఈ గీతలు తాబేలు ఆకారాన్ని చెదరగొట్టేస్తాయి. రెండడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు. అడవిలో దాన్ని దాచిన ఈ అందమే సంతలో దాని మెడకు చుట్టుకుంది.

ఎత్తైన గుమ్మటంలాంటి డిప్పకు మరో ఉపయోగం ఉంది. హంగరీ పరిశోధకులు గాబోర్ డొమోకోష్, పీటర్ వార్కోని 2006లో గోంబోట్స్ అనే ఆకారాన్ని తయారు చేశారు. దాన్ని చదునైన నేల మీద ఎలా పడేసినా చివరికి ఒకే భంగిమలోకి వచ్చి నిలుస్తుంది. ఆ ఆకారానికి చాలా దగ్గరగా ఉన్న ప్రాణుల్లో నక్షత్ర తాబేలు ఒకటి. వెల్లకిలా పడినా కాళ్లు, మెడ కాస్త ఆడించి తిరిగి నిలదొక్కుకుంటుంది. ఎగుడుదిగుడు గుట్టల్లో ఇది ప్రాణం నిలిపే గుణం.

ఇది చిట్టడవి ప్రాణి. దట్టమైన అడవి దీనికి పనికిరాదు. గడ్డి, ముళ్ల పొదలు, రాతి గుట్టలు, వాటి అంచున చేలు, గట్లు, బీళ్లు ఉన్న చోటే దాని ఇల్లు. చిత్తూరు, అన్నమయ్య, శ్రీ సత్యసాయి, అనంతపురం జిల్లాల్లోనూ, వాటికి ఆనుకున్న కోలారు, చిక్కబళ్లాపురం వైపూ ఇలాంటి నేల విస్తారంగా ఉంది. వేసవిలో తాబేలు పొద మొదట్లోనో, రాళ్ల సందులోనో తిండి మానేసి వారాల తరబడి కదలకుండా ఉంటుంది. తొలకరి పడగానే బయటికొస్తుంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మేస్తుంది. గడ్డి, లేత ఆకులు, రాలిన పూలు, పండ్లు, నాగజెముడు వంటి రసం నిండిన మొక్కలు దాని ఆహారం. ఎప్పుడైనా నత్తో, ఎండిన ఎముక ముక్కో దొరికితే కొరుకుతుంది. డిప్పకు కావలసిన కాల్షియం కోసమే ఆ పని.

జత కట్టేదీ వానాకాలంలోనే. గుడ్లు పెట్టేటప్పుడు ఆడది పడే శ్రమ గమనించదగ్గది. గట్టిగా ఉన్న నేలను ముందు తన మూత్రంతో తడుపుతుంది. ఎడమ వెనక కాలితో కొంత, కుడి వెనక కాలితో కొంత మట్టిని మార్చి మార్చి తోడుతూ, అడుగున కాస్త వెడల్పుగా ఉండే గుంత తవ్వుతుంది. గుడ్లు పెట్టాక మట్టి కప్పి, పొట్ట పలకతో నొక్కి చదును చేస్తుంది. ఒక విడతకు సాధారణంగా మూడు నుంచి ఆరు గుడ్లు. ఏడాదిలో రెండు మూడు విడతలు పెట్టగలదు. పొదగడానికి వేడిని బట్టి మూడు నెలలు పట్టవచ్చు, ఐదారు నెలలూ పట్టవచ్చు. పిల్ల మగదా ఆడదా అన్నది నిర్ణయించేది గుంతలోని వేడి. 28, 29 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి, 31, 32 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఆడవి వస్తాయి.

ఒక్క ఆడ తాబేలు పోతే

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఒక ఆడ తాబేలు ఏడాదికి ఎనిమిది గుడ్లు చొప్పున ఇరవై ఏళ్లు పెడుతుందని అనుకుందాం. మొత్తం 160 గుడ్లు. ఆ ప్రాంతంలో తాబేళ్ల సంఖ్య పెరగకుండా, తరగకుండా ఉండాలంటే ఆ 160లో సగటున రెండు పిల్లలు పెద్దవై జత కట్టే వయసుకు వస్తే చాలు. తక్కిన 158 ముంగిసలకో, ఉడుములకో, కాకులకో, ఎండకో పోతాయి. అది ప్రకృతిలో మామూలే. ఇప్పుడు అదే ఆడ తాబేలును గుడ్లు పెట్టడం మొదలైన ఆరేళ్లకే ఎవరో సంచిలో వేసుకున్నారనుకుందాం. అది అప్పటికి పెట్టినవి 48 గుడ్లు. అదే దామాషాలో చూస్తే దాని స్థానంలో నిలిచే తాబేలు సగటున ఒక్కటి కూడా లేదు.

కోళ్లనో, కుందేళ్లనో పట్టుకెళ్తే మిగిలినవి త్వరగా పిల్లల్ని పెట్టి లోటు పూడుస్తాయి. తాబేళ్ల దగ్గర ఆ వేగం లేదు. ఒక గుట్ట చుట్టుపక్కల నుంచి ఏటా కొన్ని పెద్ద ఆడవాటిని తీసేస్తూ పోతే పదేళ్ల వరకు తేడా బయటికి తెలియదు. ముసలివి అక్కడక్కడ కనిపిస్తూనే ఉంటాయి. తెలిసేసరికి ఆ గుట్ట మీద పిల్ల తాబేళ్లే ఉండవు. మన దేశంలో ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు తరలిపోతున్నాయని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఈ లెక్కతో కలిపి చూస్తే ఆ అంకె ఎంత భయంకరమో అర్థమవుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని ముప్పు పొంచి ఉన్నదానిగా (వల్నరబుల్) లెక్కించింది.

సంచి నుంచి సూట్‌కేసు దాకా

వేట ఎక్కువగా జరిగేది వానాకాలంలోనే. తాబేలు బయట తిరిగేదీ, చేలల్లో మనుషులు ఉండేదీ ఒకే కాలంలో కాబట్టి. దీనికి వల గానీ, ఉచ్చు గానీ అక్కర్లేదు. కనిపిస్తే వంగి చేత్తో తీసుకోవడమే. పశువులు కాసేవాళ్లు, కూలిపనికి పోయేవాళ్లు, పిల్లలు పట్టినవి ఊళ్లో ఒకరి దగ్గర చేరతాయి. అక్కడి నుంచి పట్నంలోని దళారికి, ఆ తర్వాత చెన్నై, బెంగళూరు, కోల్‌కతా మార్గాల్లో థాయ్‌లాండ్, మలేసియా, సింగపూర్, హాంకాంగ్ వైపు పోతాయి. మొదటి మనిషికి ముట్టేది ఒక పూట కూలి పాటి కూడా ఉండదు, లాభమంతా చివరి ఇద్దరు ముగ్గురిదే. కేసులో ఇరుక్కునేది మాత్రం తరచుగా మొదటి మనిషో, సూట్‌కేసు మోసిన మనిషో. పరిరక్షణ దృష్టితో చూస్తే ఇది పెద్ద లోపం. మోసే మనిషి దొరికినంత తేలికగా మధ్య దళారి దొరకడు. వాడు దొరక్కపోతే వచ్చే వానాకాలానికి అదే ఊళ్లో మళ్లీ సంచులు నిండుతాయి.

ప్రయాణంలో తాబేలు కదలకుండా, చప్పుడు చేయకుండా ఉండేందుకు కాళ్లూ తలా లోపలికి నొక్కి చుట్టూ టేపు వేస్తారు, లేదా మేజోడులో దూర్చి ముడి వేస్తారు. 2019 మార్చిలో మనీలా విమానాశ్రయంలో దిక్కులేకుండా వదిలేసిన సూట్‌కేసుల్లో 1,529 తాబేళ్లు దొరికాయి. వాటిలో నక్షత్ర తాబేళ్లూ ఉన్నాయి. వాటిని ఇలాగే టేపుతో చుట్టి పేర్చారు.

చట్టాలు బలహీనంగా లేవు. అడవి నుంచి పట్టిన నక్షత్ర తాబేళ్లను వ్యాపారానికి ఎగుమతి చేయడం మన దేశంలో దశాబ్దాలుగా నిషిద్ధం. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటిస్‌లో ఈ తాబేలు 1975 నుంచి రెండో జాబితాలో ఉండేది, అంటే అనుమతి పత్రాలతో వ్యాపారం సాధ్యమే. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సమావేశంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్, సెనెగల్ ప్రతిపాదన మీద దీన్ని మొదటి జాబితాకు మార్చారు, అంటే అడవి నుంచి పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. ఆ ఏడాది నవంబరు 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇక్కడ ఒక కిటుకు చెప్పుకోవాలి. రెండో జాబితాలో ఉన్న రోజుల్లో, పెంపకంలో పుట్టినవి అని కాగితం మీద రాసి అడవి తాబేళ్లను అమ్మేందుకు వీలుండేది. డిప్ప చూసి పుట్టుక చెప్పడం కస్టమ్స్ ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు. జోర్డాన్ నుంచి పెంపకంలో పుట్టినవంటూ సాగిన ఎగుమతులు సైటిస్ పరిశీలనకు వచ్చింది ఇలాంటి అనుమానాల మీదే. మొదటి జాబితాతో ఆ దారి ఇరుకైంది.

దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ తాబేలు చాలాకాలం నాలుగో షెడ్యూలులో, తక్కువ శిక్ష పడే వరుసలో ఉండేది. 2022 సవరణతో మొదటి షెడ్యూలుకు ఎక్కింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందని తొట్టెలో పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఈ మార్పు ఇంకా చేరలేదు.

పట్టుబడ్డాక మొదటి పది రోజులు

సూట్‌కేసులోంచి తీసిన తాబేలు చూడటానికి మామూలుగానే ఉంటుంది. మోసం అక్కడే. తాబేలు మెల్లగా జబ్బుపడుతుంది, మెల్లగా చనిపోతుంది. రోజుల తరబడి నీళ్లు లేక మూత్రాశయంలోని నిల్వ కూడా అయిపోయి ఉంటుంది. కళ్లు లోపలికి పోయి, వెనక నుంచి తెల్లటి, ఇసుకలా గరుకుగా ఉండే ముద్ద వస్తుంటే ఒంట్లో నీరు బాగా తగ్గిందని అర్థం.

మొదటి పని టేపు తీయడం, అదీ లాగకుండా. గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, జిగురు వదలకపోతే కాస్త వంట నూనె రాసి మెల్లగా ఊడదీయాలి. చిన్న తాబేళ్లకు కాళ్ల మీది చర్మం టేపుతో పాటే లేచి వస్తుంది, ఆ పుండుకు రెండు రోజుల్లో ఈగలు గుడ్లు పెడతాయి. ఆ తర్వాత స్నానం. 28 నుంచి 30 డిగ్రీల నీళ్లు, 12 సెంటీమీటర్ల తాబేలుకు రెండు సెంటీమీటర్ల లోతు చాలు. గడ్డం ఎప్పుడూ నీటి పైనే ఉండాలి. 15, 20 నిమిషాలు. నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తుంది. ఒక తాబేలు వాడిన నీళ్లు రెండోదానికి వాడకూడదు. వందల తాబేళ్లు వచ్చినప్పుడు ఈ ఒక్క నియమం పాటించడమే అన్నిటికంటే కష్టం, అది తప్పిన చోటే రోగాలు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి. ఒంట్లో నీరు తిరిగి చేరకముందే తిండి పెట్టడం కూడా పొరపాటే. ఎండిపోయిన పేగులో తిండి కదలదు. రెండు మూడు రోజుల స్నానాల తర్వాత మొదట పెట్టాల్సింది లేత గరిక.

ప్రతి తాబేలునూ గ్రాముల్లో తూచాలి. డిప్ప పొడవును వెర్నియర్ కాలిపర్‌తో, వంపు మీదుగా కాక సూటిగా కొలవాలి. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి బరువు రాయాలి. తింటున్నట్టు కనిపిస్తూ బరువు తగ్గుతుంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం. ఆ సంగతి చెప్పేది తక్కెడ ఒక్కటే.

గుర్తు పెట్టే పద్ధతులు రెండున్నాయి. పెద్దవాటికి ఎడమ వెనక కాలి దగ్గర చర్మం కింద 12 మిల్లీమీటర్ల మైక్రోచిప్ పెట్టవచ్చు. రెండోది పాతది, ఖర్చులేనిది. డిప్ప చుట్టూ ఉన్న అంచు పలకల మీద సన్నని ఆకురాయితో మూడు మూలల గాటు పెడతారు. ఒక్కో పలకకు ఒక్కో అంకె, గాట్లను కూడితే తాబేలు సంఖ్య వస్తుంది. డిప్పను పొట్ట పలకతో కలిపే పక్క భాగం మీద, అంటే సుమారు నాలుగు నుంచి ఏడో పలక వరకు గాటు పెట్టకూడదు. గుర్తు లేకపోతే వదిలాక అదే తాబేలు మళ్లీ సంతలో దొరికినా ఎవరికీ తెలియదు.

తర్వాత కనీసం 90 రోజుల ఏకాంతం, అంటే క్వారంటైన్. ఒక కేసులో దొరికినవన్నీ ఒక గుంపుగా, వేరే కేసువాటితో కలపకుండా ఉంచాలి. 85వ రోజున కొత్తగా ఒకదాన్ని ఆ ఆవరణలో వదిలితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇంత పట్టుదల ఎందుకంటే తాబేళ్లలో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ముక్కు జబ్బు ఉంది. ముక్కు కారడం, కళ్లు వాయడం, నోరు తెరిచి ఊపిరి తీయడం దాని లక్షణాలు. తగ్గినట్టు కనిపించినా ఆ తాబేలు ఏళ్ల తరబడి జబ్బును మోస్తూ ఉండగలదు. అమెరికాలోని మొహావి ఎడారి తాబేలును 1990లో ముప్పున్న జాతిగా ప్రకటించడానికి దారితీసిన కారణాల్లో ఈ జబ్బు ఒకటి. పెంపుడు తాబేళ్లను ఎడారిలో వదలడం వల్ల అది మరింత పాకిందన్న అనుమానం అక్కడ బలంగా ఉంది. సంతలో పది జాతుల తాబేళ్ల పక్కన పడి ఉన్న నక్షత్ర తాబేలును పరీక్ష లేకుండా మన గుట్టల్లో వదిలితే అదే జరగొచ్చు. ముక్కు నుంచి నమూనా తీసి, సూక్ష్మజీవి డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష చేయడం, మలంలో నులిపురుగుల గుడ్లు చూడటం ఈ 90 రోజుల్లోనే పూర్తి కావాలి.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. పశువులకు పురుగులు పోవడానికి మామూలుగా వేసే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు ప్రాణాంతకం, మోతాదు తగ్గించినా వేయకూడదు. విటమిన్ ఎ ఇంజెక్షన్ ఎక్కువైతే చర్మం పొరలుగా ఊడిపోతుంది. మంచి పశువైద్యుల చేతుల్లోనే ఈ పొరపాట్లు జరిగాయి, తాబేలు వైద్యం వేరే చదువు కావడమే దానికి కారణం.

తిండిలో తరచూ జరిగే తప్పు దయతో జరిగేదే. టమాటా, దోసకాయ, అరటిపండు పెడితే ఆబగా తింటుంది కాబట్టి అవే పెడతారు. చక్కెర ఎక్కువ, పీచు తక్కువ కావడంతో విరేచనాలు పట్టుకుంటాయి. పాలకూరలోని ఆక్సలేటు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. పెట్టాల్సినవి గరిక, రకరకాల గడ్డి, మందార ఆకులు, పూలు, ముళ్లు తీసిన నాగజెముడు. పక్కనే కటిల్ ఫిష్ ఎముక ఉంచితే కావలసినప్పుడు కొరుక్కుంటుంది. రోజూ కొన్ని గంటలు నేరుగా ఎండ తగలాలి, పక్కనే నీడ ఉండాలి. గాజు కిటికీలోంచి వచ్చే ఎండతో ప్రయోజనం లేదు, డిప్ప గట్టిపడేందుకు కావలసిన అతినీలలోహిత కిరణాలను గాజు ఆపేస్తుంది. ఇళ్లలో పెరిగిన తాబేళ్ల డిప్ప మీద ఒక్కో పలక గోపురంలా పైకి లేచి కనిపించడం మాంసకృత్తులు ఎక్కువై వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. వియన్నాలో సల్కాటా అనే ఆఫ్రికా తాబేళ్ల మీద చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో పిల్ల వయసులో గాలిలో తేమ చాలకపోవడమే ప్రధాన కారణమని తేలింది. పిల్ల తాబేళ్లున్న పెట్టెలో ఒక మూల తడి మట్టి ఎప్పుడూ ఉండాలనడం అందుకే.

ఏ గుట్టకు చెందినది

బాగుపడ్డ తాబేలు ముందు నిలిచే ప్రశ్న, ఇది ఎక్కడిది. చెన్నైలో దొరికినంత మాత్రాన తమిళనాడుది కాదు. గుజరాత్ తాబేలును మదనపల్లె గుట్టల్లో వదిలితే బతకొచ్చు, బతికితే అక్కడివాటితో జత కడుతుంది. వాయవ్య, దక్షిణ తాబేళ్లు జన్యుపరంగా వేర్వేరు గుంపులు. వేర్వేరు వానలకు, నేలలకు వేల ఏళ్లుగా అలవాటుపడ్డవాటిని కలిపేస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది, తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఈ ప్రశ్నకు డీఎన్‌ఏతో జవాబు వెతికే పనిలో హైదరాబాద్‌కు ముఖ్యమైన చోటుంది. సింగపూర్‌లో పట్టుబడి తిరిగివచ్చిన నక్షత్ర తాబేళ్లను హైదరాబాద్‌కు తెచ్చినప్పుడు, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏను, కేంద్రక డీఎన్‌ఏను పరీక్షించి, మూలం తెలిసిన తాబేళ్లతో పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. పద్ధతి ఉంది, ప్రయోగశాల ఉంది. ప్రతి గుట్ట నుంచి పోల్చుకునేందుకు నమూనాలు, ప్రతి కేసుకూ పరీక్ష చేసే ఏర్పాటు, దానికి డబ్బు మాత్రం మామూలు పనిలో భాగం కాలేదు. 2018 నవంబరులో సింగపూర్ నుంచి 51 తాబేళ్లు బెంగళూరుకు తిరిగివచ్చినప్పుడు అందరూ సంతోషించారు, సంతోషించాల్సిందే. కానీ అలా తిరిగివచ్చే ప్రతి తాబేలుకు వెనక పట్టుబడనివి ఎన్నో ఉంటాయి. పట్టుబడ్డవాటిని సరిగ్గా వదలగలిగినప్పుడే ఆ ఖర్చుకు ఫలితం.

వదలడం ఒక్క రోజు పని కాదు

అటవీ శాఖ జీపు ఆపి, ఫొటోలు తీసుకుని, సంచి విప్పి వదిలిన తాబేలు సాధారణంగా అక్కడ ఉండదు. తెలియని చోట పడ్డ తాబేలు తన పాత చోటు వెతుక్కుంటూ ఒకే దిక్కుకు నడుస్తూ పోతుంది. రోడ్లు దాటుతుంది, ఊళ్లోకి వస్తుంది, మళ్లీ ఎవరి చేతిలోనో పడుతుంది. దీనికి పనిచేసే మందు ఆవరణ. వదలదలచిన చోటే కంచె కట్టి, తాబేళ్లను నెలల తరబడి అందులో ఉంచుతారు. అమెరికాలో గోఫర్ తాబేళ్ల మీద చేసిన పరిశోధనలో 9 నుంచి 12 నెలలు అలా ఉంచినవి, కంచె తీశాక అక్కడే ఎక్కువగా నిలిచిపోయాయి. నేరుగా వదిలినవి దూరం పోయాయి.

కంచె నేల మీద ఒకటిన్నర అడుగు, నేల లోపల అరడుగు ఉండాలి. లోపలికి కనిపించే జాలీ వాడితే తాబేలు అవతలి గడ్డి చూసి రోజంతా మూలల్లో గీరుతూ ముక్కు పుండు చేసుకుంటుంది, కింది భాగంలోనైనా తడికో, రేకో ఉండాలి. లోపల పొదలు, రాళ్లు, ఎండిన గడ్డి అక్కడివే ఉండాలి. చివరి నెలల్లో మనం పెట్టే తిండి తగ్గిస్తూ పోవాలి. కంచె తెరవాల్సింది తొలకరి పడ్డాక, మేత, తేమ రెండూ ఉన్నప్పుడు. మార్చిలో వదిలిన తాబేలుకు దాక్కునే పొద ఎక్కడుందో తెలుసుకునే వ్యవధే ఉండదు. కొన్నిటికైనా రేడియో ట్రాన్స్‌మీటర్ అతికించి రెండేళ్లు వెంట తిరగాలి. పరికరం బరువు తాబేలు బరువులో ఐదు శాతం దాటకూడదు, పలకలు కలిసే గీతల మీద జిగురు పడకూడదు. పడితే ఆ చోట డిప్ప పెరగదు.

పొరుగునే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. మయన్మార్‌కు చెందిన బర్మా నక్షత్ర తాబేలు ఈ శతాబ్దం మొదటికి అడవిలో దాదాపు లేకుండా పోయింది. 2004 ప్రాంతంలో, ఎక్కువగా స్మగ్లర్ల నుంచి స్వాధీనం చేసుకున్న సుమారు 175 తాబేళ్లతో అభయారణ్యాల్లోనే పెంపకం మొదలుపెట్టారు. 2017 నాటికి వాటి సంఖ్య 14,000 దాటింది. వందల తాబేళ్లను కంచె పద్ధతిలో అడవికి పంపారు. ఇది చూసి మన దగ్గరా పెంపకం మొదలుపెడదామన్న మాట వినిపిస్తుంది. అది తొందరపాటే అవుతుంది. వాళ్ల దగ్గర అడవిలో తాబేలు లేదు, పెంచక తప్పలేదు. మన దగ్గర తాబేలు ఇంకా గుట్టల మీద ఉంది, కొరత ఉన్నది దాన్ని అక్కడే ఉండనివ్వడంలో. మన పునరావాస కేంద్రాల్లో ఇప్పటికే చోటు చాలక మూలం తెలియని తాబేళ్లు పేరుకుపోతున్నాయి. వాటిలో మగవాటిని, ఆడవాటిని వేరుగా ఉంచి గుడ్లు రాకుండా చూసుకోవడమే మేలు. మయన్మార్ నుంచి నేర్చుకోవాల్సింది కంచె పద్ధతిని, గుర్తులు పెట్టడంలో వాళ్ల క్రమశిక్షణను.

ఇక తాబేలు ఉండే నేల సంగతి. చిట్టడవిని ప్రభుత్వ కాగితాల్లో బంజరుగా రాయడం పాత అలవాటు. బంజరు అన్న పేరు పడ్డాక సౌర ఫలకలకైనా, క్వారీకైనా, ప్లాట్లకైనా అదే మొదట గుర్తొస్తుంది. పొదల్ని జేసీబీతో వేసవిలో తొలగిస్తారు. ఆ మొదళ్లలో తాబేళ్లు కదలకుండా ఉండేది సరిగ్గా అప్పుడే. ఏ పనికైనా నేల చదును చేయక తప్పకపోతే, వానలు పడి తాబేళ్లు బయట తిరుగుతున్న రోజుల్లో ముందుగా మనుషులతో వెతికించి పక్కకు చేర్చాలి. వేసవిలో గుట్టలకు పెట్టే మంట కూడా ఇంతే. పైకి నల్లబడ్డ గడ్డి కనిపిస్తుంది, పొద మొదట్లో ఉడికిపోయిన తాబేలు కనిపించదు.

దారిలో కనిపిస్తే

వానాకాలంలో రాయలసీమ రోడ్ల మీద నక్షత్ర తాబేలు ఎదురైతే చేయాల్సింది చాలా తక్కువ. ఎటు పోతోందో చూసి, రెండు చేతులతో పక్కల నుంచి పట్టి, నేలకు దగ్గరగానే ఉంచి, అది పోతున్న వైపే రోడ్డు దాటించాలి. వెనక్కి పెడితే మళ్లీ రోడ్డెక్కుతుంది. పైకెత్తి తిప్పి చూస్తే భయంతో మూత్రం పోసేస్తుంది. ఎండ రోజుల్లో ఆ నీరే దాని ఏకైక నిల్వ.

చెరువులో, బావిలో, గుడి కోనేరులో వదలడం మాత్రం దాన్ని చంపడమే. తాబేలు అనగానే నీళ్లు గుర్తుకు రావడం వల్ల ఎంతోమంది భక్తితో ఈ పని చేస్తున్నారు. నక్షత్ర తాబేలు ఈదలేదు, మునిగిపోతుంది. కూర్మావతారం కొలువైన శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం క్షేత్రంలో నక్షత్ర తాబేళ్లను నేల మీదే పెంచే సంప్రదాయం ఉంది. వాటి పట్ల భక్తి ఉన్నవారు ఇంకో తాబేలును తెచ్చి అక్కడ సమర్పించకుండా ఉంటే చాలు. ఎక్కడి నుంచో తెచ్చిన కొత్త తాబేలుతో పాటు దాని జబ్బూ ఆ గుంపులోకి వస్తుంది, తెచ్చినవారికి చట్టం చిక్కు కూడా ఉంటుంది.

పొలంలో కనిపించిన తాబేలు ఫొటోను ఊరి పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. వెతికేవాళ్లకు అదే దారి చూపుతుంది. గాయపడి ఉంటేనో, ఎవరి దగ్గరైనా బందీగా ఉంటేనో అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి అప్పగించాలి. అప్పగించేటప్పుడు అది దొరికిన ఊరు, చేను లేదా గుట్ట పేరు, తేదీ రసీదు మీద రాయించాలి. ఆ ఒక్క వరుస రాసి ఉంటే డీఎన్‌ఏ పరీక్ష కోసం నెలలు ఆగే పని లేకుండా, ఏ జబ్బూ లేదని తేలగానే అదే గుట్టకు తిరిగి పంపవచ్చు. అది లేనప్పుడు ఆరోగ్యంగా ఉన్న తాబేలు కూడా ఇంకో ముప్పై ఏళ్లు సిమెంటు ఆవరణలోనే ఉండిపోవాల్సి వస్తుంది.